మేత భూమి అన్నాను, అంతే

ఫిబ్రవరి 3, సోమవారం

ఈవేళ పొక్లెయిన్ డ్రైవర్ చెంప పగలగొట్టాను. చెయ్యి ఇంకా మండుతోంది.

బాటనీ లెక్చరర్ చెయ్యాల్సిన పని కాదని నాకూ తెలుసు. కానీ వాడు హనుమయ్య గారి చేలో నేను తవ్వుకున్న గుంట అంచు మీదికి బకెట్ దించాడు. నెలల తరబడి చెంచాతో, కుంచెతో ఒక్కొక్క పొరే ఒలుచుకుంటూ వచ్చిన గోడ ఒక్క దెబ్బకి విరుచుకుపడింది. ఆపమని అరిస్తే ఇంజన్ ఆపకుండా నవ్వాడు. "మట్టే గదా మేడమ్" అన్నాడు. పైకెక్కి ఒక్కటిచ్చాను. వాడు దిగి నా మీదికి వచ్చేవాడే, హనుమయ్య గారు పార పట్టుకుని మధ్యలోకి వచ్చారు.

"నా చేలోకి నిన్ను రమ్మంది ఎవడ్రా? తోలుకుంటే ఆ పక్కన తోలుకోండి. ఇటు అడుగేస్తే కాళ్ళు నరుకుతా" అని కేకలేశారు. వాడు వెళ్ళాక నా వైపు తిరిగి, "నువ్వు కూడా తక్కువదానివి కాదమ్మాయ్" అని నవ్వారు.

ఆ చేనున్న దిబ్బని నందికుదురు ఊరివాళ్ళు పాటిదిబ్బ అంటారు. ఎప్పుడో ఊరుండి మాసిపోయిన చోటు. ఆ బూడిదరంగు పాటిమన్ను మంచి ఎరువని తాతల నాటినుంచీ బళ్ళకెత్తి చేలల్లో చల్లుకుంటున్నారు. అది వేరు. మట్టి కాంట్రాక్టర్ రామకోటేశ్వరరావు మాత్రం టిప్పర్లు పెట్టి తోలి, బెజవాడ నర్సరీలకీ అపార్ట్‌మెంట్ల వాళ్ళకీ అమ్ముకుంటున్నాడు. సగం దిబ్బ ఇప్పటికే లేదు. మిగిలిన సగం మీద హనుమయ్య గారి నాలుగెకరాల మొక్కజొన్న ఉంది. ఆయన చస్తే ఇవ్వనంటున్నారు. నా గుంటకి మాత్రం ఒక మూల ఊరికే ఇచ్చారు.

ఆ టిప్పర్లకు బాడీలు కట్టేది మా తమ్ముడు నాసిర్. వాడి ఆటోనగర్ షెడ్డు నడిచేదే రామకోటేశ్వరరావు పని మీద. నేను గవర్నర్‌పేటలో ఇంటి మెట్లెక్కేసరికే వాడికి కబురందింది.

"ఆపా, నువ్వు లెక్చరర్‌వా, రౌడీవా?"

"జీతం మాత్రం లెక్చరర్‌దే ఇస్తున్నారు" అన్నాను. వాడు నవ్వలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

దొరికాయి! నా కోసమే రాసుకుంటున్నాను కాబట్టి కాసేపు గొప్పలు పోవచ్చు.

బకెట్ తగలని అడుగు పొర మట్టి మూటగట్టి తెచ్చి, మేడ మీద డ్రమ్ములో నీళ్ళు పోసి కలియబెట్టాను. మట్టి అడుక్కి పోయింది, నల్లటి నుసి పైకి తేలింది. మల్లుగుడ్డలో వడగట్టి, నీడన ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఉలవ. పెసర. కొర్రల్లాంటి చిన్న గింజ. అన్నీ మాడి బొగ్గైనవే. మాడని గింజలు ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటాయి. మంటలో పడ్డదే మిగులుతుంది. నా చదువంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

వాటి పక్కనే మాడిన పేడ గడ్డలు, వాటిలో గడ్డి గింజలు. పశువు మేసిన గడ్డి పేడలో పడి, ఆ పేడ తగలబడి, నా దాకా వచ్చింది. అంటే దిబ్బ మీద మందలు కట్టేవారు. ఉలవ పొట్టు కూడా ఉంది కాబట్టి అక్కడే నూర్చుకునేవారు, పక్కనే వాన మీద పండించుకునేవారు. నాలుగు వేల ఏళ్ళని నా అంచనా. కాలం తేల్చే డేటింగ్ పరీక్షకి కొన్ని గింజలు పంపుతున్నాను, ఫలితం రావాలి. వరి మాత్రం ఒక్క గింజ లేదు.

హనుమయ్య గారికి ఫోన్ చేసి చెబితే ఆయనకి ఆ వరి సంగతే మింగుడుపడలేదు. "కృష్ణ ఒడ్డున వరి లేకపోవటమేందమ్మాయ్? ముందు నీ మిషను బాగుచేయించుకో" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నవ్వొస్తోంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నందికుదురు బళ్ళో నాకు సన్మానం. చేయించింది రామకోటేశ్వరరావు!

"మా డ్రైవర్ని కొట్టారంటగా మేడమ్. మంచి పని చేశారు. ఎదవకి చదువు విలువ తెలవదు" అంటూ శాలువా కప్పాడు. మనిషి నేను అనుకున్నంత చెడ్డవాడు కాదు. ఊరికి తన చరిత్ర తెలియాలన్నాడు. తప్పేముంది?

క్లాసులో చెప్పినట్టు చెబితే ఎవరికీ ఎక్కదని కష్టమైన మాటలన్నీ తీసేశాను. పేడ, మంద, మంట, గడ్డి. పేడ ఇన్ని వేల ఏళ్ళ కథ దాచిపెడుతుందంటే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. పేడ గురించే చెప్పుకుంటూ పోయాను. చివర్లో వెనక వరసలోంచి ఇన్నయ్య లేచాడు. గేదెలు మేపుకుని బతికే మనిషి, సెంటు భూమి లేదు. నేను దిబ్బ మీద పని చేస్తుంటే ఎప్పుడైనా వచ్చి నిలబడి చూసి పోయేవాడు.

"మేడమ్ గారండీ, ఇంతకీ ఆ దిబ్బ ఆ కాలంలో సాగు భూమా అండీ, మేత భూమా?"

"మేత భూమే" అన్నాను. "పశువులు మంద కట్టిన చోటు."

ఎంత చప్పట్లో! ఇన్నయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఉలవల సంగతి మొదలుపెట్టేలోపే జనం లేచారు. రామకోటేశ్వరరావు కారు దాకా వచ్చి సాగనంపాడు. హనుమయ్య గారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. చేనుకి నీళ్ళు కట్టాలేమో.

ఫిబ్రవరి 11, మంగళవారం

హనుమయ్య గారు ఫోన్ ఎత్తడం లేదు. నీళ్ళు కడుతూ ఉంటారు.

ఫిబ్రవరి 13, గురువారం

వాట్సాప్‌లో వీడియో. శాలువా కప్పుకుని నేను "మేత భూమే" అంటున్నాను. ముందూ లేదు, వెనకా లేదు. కింద పెద్ద అక్షరాలు: "పాటిదిబ్బ మేత పోరంబోకే. తేల్చి చెప్పిన మహిళా శాస్త్రవేత్త."

పోరంబోకు అన్న మాట నా నోట రాలేదు. మేత భూమి అన్నాను, అంతే. మేత పోరంబోకంటే ఊరి పశువుల కోసం వదిలిన సర్కారు భూమి. అది రెవెన్యూ వాళ్ళ మాట. నేను చెప్పింది నాలుగు వేల ఏళ్ళ నాటి పేడ సంగతి. బుద్ధున్న వాడెవడైనా ఈ రెండింటికీ ముడిపెడతాడా?

ముడి ఎక్కడుందో నాసిర్ చెప్పాడు. ఆ నాలుగెకరాలు మేత పోరంబోకేనని ఊళ్ళో గేదెల వాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారట. హనుమయ్య గారి దగ్గర పట్టా ఉంది. కేసు నడుస్తోంది. పోరంబోకని తేలితే ఆ మట్టి కోసం రామకోటేశ్వరరావు ఒక రైతుని బతిమాలక్కర్లేదు, ఆఫీసులో పర్మిట్ తెచ్చుకుంటే చాలు.

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

"ఊరందరికీ తెలుసు ఆపా. నీకే తెలవదు."

"మరి సన్మానానికి వెళ్తుంటే చెప్పలేదేం?"

"నువ్వు గింజల గురించి మాట్లాడతావనుకున్నా" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పోరంబోకు అనలేదు. ఆ మాట నేను అనలేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

రాయాలి. ఇవాళే రాయాలి.

హనుమయ్య గారితో మాట్లాడి సర్దిచెబుదామని కాలేజీకి సెలవు పెట్టాను. బస్సులో ఇబ్రహీంపట్నం వెళ్ళి ఆటో మాట్లాడుకున్నాను. దిబ్బ కనబడకముందే కేకలు వినబడ్డాయి. ఆటో అతను ఇంక ముందుకు రానన్నాడు. దిగి నడిచాను.

మొక్కజొన్నలోకి గేదెల్ని తోలారు. ఊళ్ళో ఉన్న గేదెలన్నీ. పొత్తులు పాలుపోసుకుని ఉన్నాయి. నిలువెత్తు చేను పెళపెళ విరుగుతోంది. వెనకనుంచి జనం కర్రలతో అదిలిస్తున్నారు. "మేత భూమి! మేత భూమి!" అని అరుస్తున్నారు. నా మాట.

హనుమయ్య గారు కొడవలి పట్టుకుని అడ్డంపడ్డారు. ఆయన భార్య మాణిక్యమ్మ గారు ఒక గేదె కొమ్ములు పట్టుకుని వెనక్కి నెడుతోంది. అది తల విదిలిస్తే ఎగిరి గట్టు మీద వెల్లకిలా పడింది. అది చూసి ఆయనకి ఒళ్ళు తెలియలేదు. దగ్గరున్న గేదె వెనక కాలు నరికేశారు. అది కూలబడి అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. ఆ గేదె ఇన్నయ్యది. ఇన్నయ్య కర్ర పారేసి దాని మెడ కావలించుకుని కూర్చుండిపోయాడు. పాలిచ్చే గేదె. పొదుగంతా నెత్తురు.

అప్పుడొచ్చారు ఇనప రాడ్ల వాళ్ళు. ఊరివాళ్ళు కాదు. వాళ్ళకు గేదెలు లేవు, గొడ్లు లేవు. అందరికన్నా ముందు నేను చెంపదెబ్బ కొట్టిన డ్రైవర్. మొదటి దెబ్బ హనుమయ్య గారి మోచేతి మీద పడింది. కొడవలి ఎగిరిపోయింది. రెండో దెబ్బ తల మీద. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. పడిపోయాక కూడా కొట్టారు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు అందుకున్నాడు. మాణిక్యమ్మ గారు పాక్కుంటూ వచ్చి ఆయన మీద బోర్లా పడింది. ఆవిడ వీపు మీదా కొట్టారు. కర్రలు పట్టుకున్న ఊరివాళ్ళు బిత్తరపోయి చూస్తున్నారు తప్ప ఒక్కడూ కదల్లేదు.

నన్ను చూసి ఎవడో "మేడమ్ వచ్చిందిరోయ్" అన్నాడు. అందరూ దారి ఇచ్చారు. "రండి మేడమ్, చెప్పండి! మేత భూమే గదా, మీ నోటితో చెప్పండి!" ఎండగా ఉందని ఒకడు నా తల మీద తువ్వాలు పట్టబోయాడు.

ఆపండి అని అరిచాను. గొంతు చించుకుని అరిచాను. ఆ గోలలో ఎవరికి వినబడుతుంది?

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. చీర అంచుకి మట్టీ, మొక్కజొన్న పీచూ ఉన్నాయి. నెత్తురు మరక ఒక్కటీ లేదు. ఎందుకు లేదు?

ఫిబ్రవరి 19, బుధవారం

పోలీసులకి వాంగ్మూలం ఇచ్చాను. డ్రైవర్‌ని చూశానని చెప్పాను. పట్టుకున్నారు. రామకోటేశ్వరరావు పేరు ఎక్కడా లేదు. ఆయన ఆ రోజు హైదరాబాదులో ఉన్నాడట.

ఆపమని అరిచాను, ఎవరూ వినలేదు అని కూడా చెప్పాను. రాసుకున్నారు.

ఫిబ్రవరి 25, మంగళవారం

హాస్పిటల్‌కి వెళ్ళాను.

హనుమయ్య గారికి మాట పోయింది. కుడి పక్క పడిపోయింది. పుర్రెలో ముక్క తీసి కుట్టారు. ఆ చోట తల లోపలికి కుంగి ఉంది. చూడలేకపోయాను. ఆయన నన్ను చూసి కళ్ళు మూసుకున్నారు.

మాణిక్యమ్మ గారు మంచం పక్కన నిలబడే ఉంది. వీపు ఆనించి కూర్చోలేకపోతోంది.

"నేను అరిచానండీ" అన్నాను. "ఆపమని చాలా అరిచాను."

"లేదమ్మా." కోపం కూడా లేదు ఆ గొంతులో. "నేను కిందపడి నిన్నే చూస్తా ఉన్నా. నువ్వు చెప్తే ఆగుతారేమోనని చూస్తా ఉన్నా. నువ్వు నోరు తెరవలా."

నేనేదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అయిపోయింది వదిలెయ్. వచ్చే నెల్లో ఊళ్ళో భూమి విచారణ పెడతారంట. నిన్నూ పిలుస్తారంట. అది సాగు భూమి అని చెప్పమ్మా. నువ్వన్న మాట నువ్వే ఎనక్కి తీసుకో. ఈ మనిషి ఎటూ లేవడు. చేనన్నా మిగలనీ మాకు."

చెప్తానన్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

దెబ్బలు తిని పడి ఉన్న మనిషికి ఏం కనబడుతుంది? ఏం వినబడుతుంది? నేను అరిచాను.

మార్చి 2, ఆదివారం

రంజాన్ మొదటి రోజా, ఉపవాసం. నాసిర్ ఇఫ్తార్ దగ్గర మెల్లగా మొదలుపెట్టాడు. "విచారణకి పోమాక ఆపా. ఒంట్లో బాగాలేదని రాసిచ్చెయ్. నువ్వు ఏం చెప్పినా ఎవడో ఒకడు కర్ర తీస్తాడు. నా షెడ్డు సంగతి సరే, నీ సంగతి చూసుకో."

నీకు నీ టిప్పర్లే కనబడతాయన్నాను. పళ్ళెం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. ఖర్జూరం సగం కొరికి వదిలేశాడు.

మార్చి 11, మంగళవారం

రేపు విచారణలో చెప్పాల్సింది ఇక్కడ రాసుకుంటున్నాను. అక్కడ తడబడకూడదు.

ఆ దిబ్బ మీద మేతా ఉంది, సాగూ ఉంది. ఒకే పొరలో పేడా దొరికింది, ఉలవలూ దొరికాయి. బళ్ళో నేను సగమే చెప్పాను. అయినా నాలుగు వేల ఏళ్ళ నాటి గింజ ఇవాళ భూమి ఎవరిదో చెప్పదు. పట్టా చూడండి, గేదెల వాళ్ళ మాట వినండి, నా గింజల్ని అడగకండి.

ఇదీ నిజం. ఇంతే చెప్తాను. ఒక్క ముక్క అటూ ఇటూ కానివ్వను.

మార్చి 12, బుధవారం

చెప్పలేదు.

హనుమయ్య గారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. బడి వరండాలో, అందరి మధ్యలో. నోటి పక్కనుంచి కారుతుంటే మాణిక్యమ్మ గారు కొంగుతో తుడుస్తోంది. ఆయన తమ్ముడి కొడుకులు ఇద్దరూ కుర్చీకి చెరోపక్క చేతులు కట్టుకుని నిలబడ్డారు. అటు పక్క గేదెల వాళ్ళు. మధ్యలో పోలీసులు. నేను పేడ పొరలూ పొట్టూ అని మొదలుపెట్టాను. విచారణకొచ్చిన అధికారి గడియారం చూసుకున్నాడు. ఆయన తప్పేం లేదు, ఎండలో పొద్దుటినుంచీ అందరి మాటలూ వింటూ కూర్చున్నాడు.

"పాఠం వద్దు మేడమ్. ఒక్క మాటలో చెప్పండి. సాగా, మేతా?"

మాణిక్యమ్మ గారు నా వైపు చూసింది. ఆ రోజు చేలో కిందపడి చూసినట్టే.

"సాగేనండీ" అన్నాను. "సాగు భూమే."

ఇన్నయ్య లేచాడు. "మరి ఆ రోజు మేత అన్నారు గదండీ?" అన్నాడు. గొడవగా కాదు. నిజంగా తెలియక అడిగాడు. కూర్చోవయ్యా అన్నారు ఎవరో. కూర్చున్నాడు. నేను వేరే వైపు చూశాను.

అబద్ధం కాదు. ఉలవలు పండించారు. పెసలు పండించారు. అది సాగు కాకపోతే ఏమిటి? అబద్ధం చెప్పలేదు.

మార్చి 13, గురువారం

చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. మాణిక్యమ్మ గారు నిన్న నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. చేసిన పొరపాటు దిద్దుకున్నాను. మనసు తేలికగా ఉంది.

మార్చి 15, శనివారం

ఇన్నయ్యని చంపేశారు.

నిన్న పొద్దున మిగిలిన గేదె పడ్డని తోలుకుని దిబ్బ మీదికి వెళ్ళాడట. తొక్కి పడేసిన చేలో మొక్కజొన్న మోళ్ళు ఎండిపోతున్నాయి, గొడ్డుకైనా పనికొస్తాయని. హనుమయ్య గారి తమ్ముడి కొడుకులు గొడ్డళ్ళతో వచ్చారు.

వీడియో ఉంది. ఎవడో చెట్టు చాటునుంచి తీశాడు. నాసిర్ చూడొద్దన్నాడు. ఫోన్ లాక్కుని చూశాను.

"సాగు భూమని మేడమ్ చెప్పింది గదరా! ఇంకా గేదెని తోలతావా?" అని అరుస్తున్నారు. మొదటి దెబ్బ భుజం మీద. చెయ్యి వేలాడిపోయింది. ఇన్నయ్య పరుగెత్తలేదు. మోకాళ్ళ మీద కూలబడి, మిగిలిన చెయ్యి ఎత్తి, "మేడమ్‌ని అడుగుదాం రండయ్యా" అన్నాడు. "మేడమ్‌ని అడుగుదాం." రెండో దెబ్బ మెడ మీద. అక్కడితో ఆపలేదు వాళ్ళు. పడ్డేమో తాడు తెంచుకుని అటూ ఇటూ పరుగులు పెడుతోంది.

ఫోన్ వాడి చేతిలో పెట్టి గ్లాసుడు నీళ్ళు తాగేశాను. రోజా పోయింది.

మార్చి 16, ఆదివారం

మేడమ్‌ని అడుగుదాం అన్నాడు.

మార్చి 18, మంగళవారం

నేను సాగు భూమి అన్నందుకు రామకోటేశ్వరరావు టిప్పర్ల పనంతా వేరే షెడ్డుకి ఇచ్చేశాడు. నాసిర్ సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడకుండా నా గదిలోకి వచ్చి, బల్లని ఒక్క తన్ను తన్నాడు. గింజల డబ్బాలన్నీ నేల మీద పడి మూతలు ఊడిపోయాయి. వాడు వాటి మీదే నడిచాడు. మంటలో పడి, మట్టిలో పడి ఇన్నేళ్ళు నిలిచిన ఉలవలు వాడి చెప్పు కింద పొడైపోయాయి. చేతికందిన స్టీలు గ్లాసు విసిరాను. కనుబొమ్మ చిట్లింది. నెత్తురు చూసి కూడా నాకు చల్లారలేదు. ఇంకొకటి అందుకున్నాను.

"కొట్టు ఆపా" అన్నాడు. కంట్లోకి కారుతుంటే తుడుచుకోలేదు. "కొట్టు. నీ ఒక్కో మాటకి ఒక్కో మనిషి."

చెయ్యి దిగిపోయింది. గోడకి ఆనుకుని ఏడ్చాను. సిగ్గు లేకుండా, గట్టిగా ఏడ్చాను. కాసేపటికి చూస్తే వాడు నేల మీద కూర్చుని, పగలని గింజల్ని వేలికి అంటించుకుంటూ డబ్బాలో వేస్తున్నాడు. అజాన్ వినబడింది. వాడికి నీళ్ళు తెచ్చిచ్చాను. కనుబొమ్మకి పసుపు అద్దాను.

మార్చి 20, గురువారం

డేటింగ్ ఫలితం వచ్చింది. నేను అనుకున్న కాలమే. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 27, గురువారం

హనుమయ్య గారి తమ్ముడి కొడుకులు జైల్లో ఉన్నారు. గేదెల వాళ్ళలో సగం మంది కేసుల్లో తిరుగుతున్నారు, సగం మంది ఊళ్ళో లేరు. చేను ఎవరిదో తేలేదాకా అటు ఎవరూ వెళ్ళకూడదని అధికారులు ఆర్డరిచ్చారు. మాణిక్యమ్మ గారు వెళ్ళడానికి లేదు. గేదెలు వెళ్ళడానికి లేదు. టిప్పర్లు మాత్రం రాత్రికి రాత్రి తిరిగాయి. ఎవరు చూశారు, ఎవరు ఆపుతారు?

ఇవాళ కాలేజీ నుంచి వస్తుంటే మా వీధి మలుపులో కొత్త అపార్ట్‌మెంట్ ముందు ఒక టిప్పర్ మట్టి కుమ్మరిస్తోంది. బూడిదరంగు మట్టి. చూడగానే తెలిసింది. వాచ్‌మన్ తట్టకెత్తి కుండీల్లో నింపుతున్నాడు. వంగి పిడికెడు తీసుకుని అరచేతిలో నలిపాను. నల్లటి నుసి. ఏ పొరదో ఇంక ఎవరూ చెప్పలేరు. పొర తెలియని గింజ ఎందుకూ పనికిరాదు.

"మంచి ఎరువు మేడమ్, పాటిమన్ను. కావాలంటే మీకూ రెండు తట్టలు పోయిస్తా" అన్నాడు వాచ్‌మన్. వద్దన్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

శౌరమ్మ వచ్చింది. ఇన్నయ్య భార్య. నేను కాలేజీకి బయల్దేరుతుంటే కింద మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ. పైకి రమ్మంటే రాలేదు. కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

"ఒక్క సంగతి అడిగి పోదామని వచ్చానండీ. మా ఆయన మిమ్మల్ని అడిగాడు గదా, సాగు భూమా, మేత భూమా అని. మీరు మేత అన్నారు. తర్వాత సాగు అన్నారు. ఇంతకీ ఏదండీ?"

"రెండూనమ్మా."

అర్థం కానట్టు చూసింది. మెట్టు మీద కూర్చున్నాను, తనూ కూర్చుంది. మొత్తం చెప్పాను. పేడ ఏం చెబుతుందో, పొట్టు ఏం చెబుతుందో. ఒకే దిబ్బ, ఒకే కాలం. మందలు కట్టుకున్నారు, పక్కనే పండించుకున్నారు. కోత అయ్యాక ఆ చేలోనే పశువులు మేసి ఉంటాయని, వాటి పేడే చేనుకి ఎరువై ఉంటుందని నేననుకుంటున్నాను అన్నాను. బళ్ళో సన్మానం నాడు చెప్పాల్సింది, విచారణ నాడు చెప్పాల్సింది, మెట్ల మీద కూర్చుని ఆవిడ ఒక్కదానికి చెప్పాను.

"మరి వాళ్ళు కొట్టుకునేవాళ్ళు కాదా?"

"ఆ సంగతి గింజలు చెప్పవమ్మా."

సంచీ ఒళ్ళోకి లాక్కుంది. వీధిలో ఆటోలు పోతున్నాయి.

"అంత కష్టమైన మాటేం కాదు గదండీ" అంది చివరికి. "రెండూ అంటే మావోడికి అర్థమయ్యేది. మీరేం చెప్పినా ఒప్పుకునేవాడు." కళ్ళు తుడుచుకుని లేచింది. "ఆదివారం చర్చి అయినాక ఊళ్ళోకి రండి. వచ్చి ఇదే మాట అందరి ముందూ చెప్పండి. మాణిక్యమ్మ గారిని కూడా పిలుస్తా."

"శౌరమ్మా, నా మాట పట్టుకుని మళ్ళీ ఎవరినైనా..."

"భయపడమాకండి. ఇంక మా ఇంట్లో చంపటానికి మగోళ్ళు లేరు."

వస్తానన్నాను. ఆవిడ అడక్కపోయినా, ఈసారి నోరు తెరుస్తానని కూడా అన్నాను. ఆ రోజు చేలో తెరవలేదు.